సంతల మీదుగా సాహసాల అడవికి

శుక్రవారం, ప్రొవాన్

పారిస్ తూర్పు స్టేషన్ నుంచి ప్రొవాన్‌కి లోకల్ ట్రైన్‌లో గంటా ఇరవై అయిదు నిమిషాలు. నవిగో పాస్ ఉన్నవాళ్ళకి వేరే టికెట్ అక్కర్లేదు. పారిస్ శివార్లలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదికి ఆ పాస్ ఉంది గనక ఈ ఊరు వాడికి వెంటనే నచ్చింది. "ఫ్రీగా కోట చూసొస్తాం, అంతేగా బావా?" అన్నాడు. కోట కోసం కాదురా, ఒక రాయసగాడి అడ్రసు వెతకడానికి వెళ్తున్నాం అన్నాను.

సంగతేమిటంటే, పన్నెండో శతాబ్దం రెండో సగంలో క్రెతియెన్ ద త్రువా అనే కవి ఆర్థర్ రాజు కొలువులోని వీరుల మీద పెద్ద పెద్ద పద్యకథలు రాశాడు. మనకు దక్కినవి అయిదు. ఎరెక్, ఎనీద్ అనే ఆలుమగల కథ ఒకటి. క్లిజెస్ కథ. బండెక్కిన వీరుడు లాన్సెలాట్ కథ. సింహాన్ని వెంటేసుకు తిరిగిన ఇవాన్ కథ. సగంలో ఆగిపోయిన పెర్సెవాల్ కథ. పాదానికి ఎనిమిది అక్షరాలు, రెండేసి పాదాలకు అంత్యప్రాస. మన ద్విపదలాగే చదివి వినిపించడానికి, ఎంత దూరమైనా సాగదీయడానికి వీలైన నడక. ఇవాన్ కథ ఒక్కటే దాదాపు 6,800 పాదాలు.

ఈ అయిదు కథలూ ఒకే చోట ఉన్న రాతప్రతిని పదమూడో శతాబ్దం మొదట్లో గియో అనే లేఖరి తయారుచేశాడు. ఇప్పుడది పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఫ్రెంచి విభాగం 794 నంబరు ప్రతి. మనలాంటివాళ్ళ చేతికి ఇవ్వరు కానీ, పేజీలన్నీ ఫొటోలు తీసి ఆ గ్రంథాలయపు గాలికా వెబ్‌సైట్‌లో పెట్టారు. ట్రైన్‌లోనే ఫోన్‌లో తెరిచి చూపించాను. పేజీకి మూడు నిలువు వరసలు, చిన్న చిన్న అక్షరాలు, ఎక్కడా బొమ్మల ఆర్భాటం లేదు. ఇవాన్ కథ ముగిసిన చోట గియో తన సొంత పాదాలు నాలుగు చేర్చాడు. సింహంతో తిరిగిన వీరుడి కథ సమాప్తం, దీన్ని రాసినవాడి పేరు గియో, నోత్ర్‌దామ్ ద్యు వాల్ గుడి ఎదురుగా అతని మకాం, ఎప్పుడూ అక్కడే ఉంటాడు. ఇదీ సారాంశం. మన తాటాకుల లేఖరులు చివర్లో 'చూసింది చూసినట్టే రాశాను, తప్పు నాది కాదు' అని చేతులు దులుపుకుంటారు. ఈయన షాపు బోర్డు పెట్టాడు. ఇంకో కాపీ కావాలంటే ఎక్కడికి రావాలో చెప్పాడన్నమాట.

ఆ గుడి ఇప్పుడు లేదు. కింది ఊళ్ళో దాని పేరుతో ఒక గంటగోపురం మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది. అది కూడా పదహారో శతాబ్దపుది. గియో కాలానిది కాదు. మా బావమరిది దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఎదురుగా అంటే ఎటువైపు ఎదురుగా?" అన్నాడు. చెప్పగలిగినవాళ్ళు ఎవరూ కనపడలేదు.

పై ఊరు మాత్రం పుష్కలంగా మిగిలింది. 2001లో యునెస్కో జాబితాకెక్కింది. సీజర్ బురుజు ఎక్కితే నాలుగు వైపులా పొలాలు. సీజర్‌కీ దానికీ సంబంధం ఏమీ లేదు, పన్నెండో శతాబ్దంలో ఈ షాంపేన్ ప్రాంతాన్ని ఏలిన కౌంట్లు కట్టించారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఊరి పడమటి గోడలో ఉన్న సెయింట్ జాన్ ద్వారం. పైనుంచి ఇనప జాలీ తలుపు జారి పడడానికి రాతిలో తొలిచిన గాడి ఇప్పటికీ కనిపిస్తుంది. ఇవాన్ కథలో సరిగ్గా ఇలాంటి తలుపే ఉంటుంది. నీటి బుగ్గను కాపలా కాసే వీరుణ్ణి ఇవాన్ చావుదెబ్బ కొట్టి, పారిపోతున్నవాడి వెంట గుర్రం మీద కోటలోకి దూసుకుపోతాడు. ముందుకు వంగి అవతలివాడి జీను వెనక భాగాన్ని అందుకోబోయే క్షణంలో తలుపు పడుతుంది. గుర్రం నడిమికి తెగిపోతుంది. ఇవాన్ మడమల దగ్గర గుర్రాన్ని అదిలించే ముళ్ళు తెగి బయట పడతాయి. మనిషికి చిన్న గాయం కూడా కాదు. గాడిలో చెయ్యి పెట్టి చూస్తే ఆ కవి ఈ సరంజామా ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది. ఒళ్ళు ముందుకు వంచకపోతే మనిషి బతకడు. లెక్క సరిపోయింది.

ఈ ఊరికి కోటల కన్నా ముఖ్యమైంది సంత. త్రువా, ప్రొవాన్, లాన్యీ, బార్ స్యూర్ ఓబ్ ఊళ్ళలో ఏడాది పొడుగునా వంతులవారీగా సంతలు జరిగేవి. ఫ్లాండర్స్ నుంచి ఉన్ని బట్టలు, ఇటలీ వర్తకుల చేతుల మీదుగా పట్టు, మిరియాలు వచ్చేవి. కౌంట్లు దారుల్లో వర్తకులకు రక్షణ ఇచ్చేవాళ్ళు, పన్ను వసూలు చేసుకునేవాళ్ళు. ప్రొవాన్‌లో కొట్టిన దెనియే అనే వెండి నాణెం ఎంత చెలామణీ అయిందంటే, రోమ్ నగర సెనేట్ దాన్ని చూసి అలాంటిదే కొట్టించుకుంది. ఈ నాణెం గుర్తుంచుకోండి, రేపు పనికొస్తుంది.

గులాబీ జామ్, గులాబీ మిఠాయిలు ఈ ఊరి ప్రత్యేకత. సబ్బు తిన్నట్టుందని వాడన్నాడు. నాకు నచ్చింది.

శనివారం, త్రువా

మళ్ళీ తూర్పు స్టేషన్, ఈసారి గంటన్నర. కవి పేరులోనే ఉన్న ఊరు కదా, ఆయన తిరిగిన వీధులేవో కనిపిస్తాయనుకుంటే ఆశ వదులుకోవాల్సిందే. 1524లో పెద్ద అగ్నిప్రమాదం ఊరిని తినేసింది. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే కర్రచట్రాల రంగురంగుల ఇళ్ళన్నీ ఆ తర్వాత కట్టినవి. పైకప్పులు ఒకదానికొకటి తగిలేంత ఇరుకైన పిల్లుల సందు కూడా అంతే. కెథీడ్రల్ పని మొదలైంది పదమూడో శతాబ్దంలో. అప్పటికి క్రెతియెన్ పోయి ఏళ్ళయింది. కౌంట్ అన్రీ కట్టించిన రాజభవనం, దాన్ని ఆనుకుని ఉన్న సెయింట్ ఎతియెన్ చర్చి ఫ్రెంచి విప్లవం తర్వాత లేకుండాపోయాయి. ఇప్పుడు అటువైపు ప్రభుత్వ కార్యాలయం, దాని ముందు నీళ్ళు నిలిచిన పాత కాలువ. గట్టు మీద కుర్రాళ్ళు బర్గర్లు తింటున్నారు.

ఆ భవనంలోనే అన్రీ భార్య, మరీ అనే ఆవిడ, కొలువుండేది. ఫ్రాన్స్ రాజు ఏడో లూయీకి, అక్విటేన్ ఎలెనోర్‌కి పుట్టిన కూతురు. లాన్సెలాట్ కథకు పీఠికలో క్రెతియెన్, షాంపేన్ దొరసాని కోరింది గనక మొదలుపెడుతున్నాను, కథ ఆవిడదే, కథలోని భావమూ ఆవిడదే, నాది శ్రమ మాత్రమే అంటాడు. దీన్ని వినయం అనుకునేవాళ్ళున్నారు, ఇష్టం లేని పని నెత్తినేసుకున్నవాడి మాట అనుకునేవాళ్ళున్నారు. నేను రెండో జట్టు. ఎందుకంటే చివరిదాకా రాయలేదాయన. లాన్సెలాట్‌ను బురుజులో బంధించి గోడ కట్టేశాక, మిగతాది గొద్‌ఫ్రువా ద లన్యీ అనే ఆయన పూర్తిచేశాడు. క్రెతియెన్ ఒప్పుకున్నాకే రాశానని ఆయనే చెప్పుకున్నాడు.

కాలవ గట్టున కూర్చుని బావమరిదికి ఆ కథ చెప్పాను. రాణి గెనివిర్‌ను మెలెయగాన్ ఎత్తుకుపోతాడు. వెతుకుతూ బయల్దేరిన లాన్సెలాట్ గుర్రం చచ్చిపోతుంది. ఒక మరుగుజ్జు బండి తోలుకుంటూ ఎదురై, ఎక్కితే రాణి జాడ చెప్తానంటాడు. ఆ రోజుల్లో అలాంటి బండి మీద ఊరేగించేది దొంగల్నీ హంతకుల్నీ. ఎక్కితే పరువు గోవిందా. లాన్సెలాట్ రెండడుగులు వెనకాడి, ఆపైన ఎక్కుతాడు. తర్వాత కత్తి అంచు వంతెన మీద అరచేతులూ పాదాలూ చీల్చుకుంటూ పాకి అవతలికి చేరతాడు. ఇంతా చేస్తే రాణి మొహం తిప్పుకుంటుంది. కారణం, ఆ రెండడుగులు.

"ఇదేం న్యాయం బావా?" అన్నాడు వాడు. "వంతెన లెక్కలోకి రాదా?"

రాదు. అదే ఆ కథ. చేసిన సాహసాలకు మార్కులు పడవు, తటపటాయించిన ఒక్క క్షణానికి కోత పడుతుంది. ఇది షాంపేన్ దొరసాని చెప్పిన 'భావం' అయితే, క్రెతియెన్‌కి కలం ఎందుకు బరువెక్కిందో ఊహించుకోవచ్చు. మిగతా కథల్లో ఆయన మొగ్గు పెళ్ళయిన జంటల వైపే.

మధ్యాహ్నం అవుట్‌లెట్లకి వెళ్దామని వాడి గొడవ. త్రువా మేజోళ్ళు, బనియన్లు అల్లే పరిశ్రమకు పేరుమోసిన ఊరు. రెనే లాకోస్త్ అనే టెన్నిస్ ఆటగాడు ఇక్కడి అల్లిక వ్యాపారి ఆంద్రే జిలియేతో కలిసి 1933లో మొసలి బొమ్మ చొక్కాల కంపెనీ పెట్టాడు. ఊరి శివార్లలో బ్రాండెడ్ బట్టలు తగ్గింపు ధరకి దొరికే పెద్ద పెద్ద దుకాణాల సముదాయాలున్నాయి. "అక్క లిస్టు పంపింది, నాకు తెలీదు" అంటూ ఫోన్ చూపించాడు. వెళ్ళాం. వాడు ట్రయల్ రూమ్ బయట క్యూలో ఉండగా, నేను బెంచీ మీద కూర్చుని ఇవాన్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం చదువుకున్నాను.

ఇవాన్ ఓ సాయంత్రం చెడ్డ పేరున్న ఒక కోటకి చేరతాడు. లోపలి ఆవరణలో గుంజలు పాతి కంచె కట్టారు. కంచె సందుల్లోంచి చూస్తే మూడువందల మంది ఆడపిల్లలు బంగారు జరీ, పట్టుదారం పెట్టి పని చేస్తున్నారు. ఒంటి మీద బట్టలు మోచేతుల దగ్గరా రొమ్ముల దగ్గరా చిరిగి ఉన్నాయి. మెడలు సన్నబడ్డాయి, మొహాలు పాలిపోయాయి. ఇతన్ని చూసి తలలు దించుకుని ఏడుస్తారు. ఒకమ్మాయి చెబుతుంది: ఎప్పటికీ పట్టు నేస్తూనే ఉంటాం, ఎప్పటికీ మంచి బట్ట కట్టబోం. మేం నేసిన దాంట్లో లివ్ర్‌కి నాలుగు దెనియేలే మాకు. వారానికి ఇరవై సూల పని చేసినా కష్టం తీరదు. మా చెమట మీద వాడు బలుస్తున్నాడు.

లెక్క వేయండి. పన్నెండు దెనియేలు ఒక సూ, ఇరవై సూలు ఒక లివ్ర్. అంటే 240లో నాలుగు. అరవయ్యో వంతు. రాక్షస పుత్రులు, మాయ ఉంగరాలు, ఎమరాల్డ్ అరుగులు ఉన్న కథలో కవి ఉన్నట్టుండి కూలి రేటు చెబుతున్నాడు. అదీ నిన్న చూసిన నాణెంలో. వీరగాథలు రాసినవాళ్ళు కోటల్లో కలలు కంటూ కూర్చున్నారనుకుంటాం గానీ, ఈయన రాసింది యూరప్ మొత్తానికి పట్టూ ఉన్నీ చేతులు మారే సంత ఊళ్ళ దాపున. బేరాలు విన్నవాడే ఈ పాదాలు రాయగలడు. పట్టు నేసే ఊళ్ళున్న మనకి ఆ అమ్మాయి మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఇవాన్, అతని సింహం కలిసి వాళ్ళ చెరకు కారణమైన ఇద్దరు రాక్షస పుత్రుల్నీ ఓడించి మూడువందల మందినీ విడిపిస్తారు. విడిపించాక వాళ్ళు ఏం చేసి బతికారో మాత్రం కథలో లేదు.

వాడు రెండు సంచులతో వచ్చాడు.

ఆదివారం, రెన్

త్రువా నుంచి పారిస్, మెట్రోలో ఊరికి అడ్డంగా మోంపర్నాస్ స్టేషన్, అక్కణ్ణుంచి గంటన్నరలో బ్రిటనీ ప్రాంతంలోని రెన్. కారు అద్దెకి తీసుకుని పడుకున్నాం. రాత్రి తిన్న బక్‌వీట్ అట్టు మీద గుడ్డు, చీజ్ వేసి మడిచిచ్చారు. బావుంది.

సోమవారం, బరాంతోన్ బుగ్గ

రెన్‌కి పడమరగా ఓ నలభై కిలోమీటర్లు పోతే పాంపోన్ అడవి. కథల్లోని బ్రొసెలియాండ్ అడవి ఇదేనని బ్రిటనీ జనం నమ్మకం. నమ్మకం అని ఎందుకంటున్నానంటే, ఫలానా లోయ ఇక్కడ, ఫలానా సమాధి అక్కడ అని గుర్తులు పెట్టడం చాలావరకు పందొమ్మిదో శతాబ్దపు అభిమానుల పని. కానీ బుగ్గ మాత్రం పాతది.

ఈ అడవికి వచ్చిన మొదటి టూరిస్టు ఎవరో కూడా తెలుసు. వాస్ అనే నార్మన్ కవి. 1155లో రాసిన కథలో ఆర్థర్ వీరులు కూర్చునే గుండ్రబల్లను మొదటిసారి ప్రస్తావించింది ఈయనే. అడవిలో అద్భుతాలున్నాయని విని స్వయంగా చూడ్డానికి వచ్చాడు. వచ్చి, తర్వాతి కావ్యంలో నిజాయితీగా రాసుకున్నాడు: అడవిని చూశాను, నేలను చూశాను, అద్భుతాల కోసం వెతికాను, కనపడలేదు. వెర్రివాడిలా వెళ్ళాను, వెర్రివాడిలా తిరిగొచ్చాను. ఆ తర్వాత క్రెతియెన్ అదే మాటను ఇవాన్ కథలో కాలొగ్రెనాన్ అనే వీరుడి నోట పెట్టాడు. ఎలా వెళ్ళానో అలాగే వచ్చాను, వస్తూ నన్ను నేనే వెర్రివాణ్ణనుకున్నాను అంటాడతను. చదివినవాళ్ళకి వాస్ గుర్తొచ్చి నవ్వొచ్చేలా. తేడా ఒక్కటే, కాలొగ్రెనాన్‌కి అద్భుతం కనపడింది, దాని చేతిలో చావుదెబ్బలు తిన్నాడు.

ఫోల్ పాన్సే అనే నాలుగిళ్ళ పల్లె దగ్గర కారు ఆపి అడవిలోకి నడవాలి. ఎరుపు, ఊదా కలిసిన పలకరాళ్ళు, తడిసిన ఫెర్న్ ఆకులు, ఓక్ చెట్లు. తుంపర పడుతూనే ఉంది. అడవిలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్తి. మేం వెళ్ళింది అక్టోబరులో, వేట మొదలయ్యే కాలం. వేట రోజుల్లో కొన్ని దారులు మూసేస్తారు. కనుక్కుని వెళ్ళడం మంచిది. దారిలో కాలొగ్రెనాన్‌కి ఎదురైన పశువుల కాపరి గురించి చెప్పాను. గుర్రం తల కన్నా పెద్ద తల, నాచు పట్టిన చెవులు, చేతిలో దుడ్డుకర్ర. నువ్వెవరివి అని అడుగుతాడు. నేను వీరుణ్ణి, దొరకనిదాని కోసం వెతుకుతున్నాను అంటాడితను. ఏం దొరకాలి నీకు? సాహసం, నా పరాక్రమం పరీక్షించుకోడానికి. కాపరి ఆలోచించి, సాహసమంటే ఏమిటో నాకు తెలీదు, ఎప్పుడూ వినలేదు, అటుపక్క ఒక బుగ్గ ఉంది, కావాలంటే పో అంటాడు. ఎద్దుల్ని కొమ్ములు పట్టి అదుపు చేసేవాడికి సాహసం అనే మాట తెలియకపోవడం నాకు ఎప్పుడు చదివినా ముచ్చటగా ఉంటుంది.

కథలో బుగ్గ మరుగుతుంటుంది, కానీ పాలరాయి కన్నా చల్లన. పక్కనే నిత్యం పచ్చగా ఉండే చెట్టుకు గిన్నె వేలాడుతుంటుంది. కాపరి దాన్ని ఇనుముదంటాడు, వీరుడు వెళ్ళి చూస్తే మేలిమి బంగారం. గిన్నెతో నీళ్ళు తీసి ఎమరాల్డ్ అరుగు మీద పోస్తే ఉరుములు, మెరుపులు, వడగళ్ళు. అది వెలిశాక చెట్టు నిండా పక్షులు వాలి పాడతాయి. ఆపైన బుగ్గ కాపలా వీరుడు కోపంగా వస్తాడు.

మేం చూసింది రాళ్ళు పేర్చిన చిన్న కుండీ. ఎమరాల్డ్ ఉండాల్సిన చోట నాచు పట్టిన పెద్ద బండ. అయితే కుండీ అడుగునుంచి బుడగలు నిజంగానే వస్తాయి. నైట్రోజన్ గ్యాస్ అట. ఆగి ఆగి వస్తాయి. మేం చేరేసరికి నీళ్ళు కదలకుండా ఉన్నాయి. వెళ్ళిపోదామని వాడు లేచేలోపు ఒక మూలనుంచి ముత్యాలంత బుడగలు వరసగా లేచి పగిలాయి, కాసేపు ఆగి మరో మూలనుంచి ఇంకొన్ని. చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన. ఒకప్పుడు పిల్లలు ఇక్కడ గుండుసూదులు వేసి, నవ్వవే బరాంతోన్ బుగ్గా, నీకో సూదిస్తా అని పాడేవాళ్ళట. బుడగలొస్తే బుగ్గ నవ్వినట్టు.

వాడు దోసిట్లో నీళ్ళు తీసి బండ మీద పోశాడు. వాన పడింది. పొద్దుటినుంచీ పడుతున్నదే.

కానీ ఇది మరీ హాస్యం కాదు. వానలు లేనప్పుడు ఈ నీళ్ళు రాతి మీద చల్లితే వాన పడుతుందని వాస్ కూడా రాశాడు. వేటగాళ్ళు అలా చేసేవాళ్ళట. 1835 కరువులో పక్కనున్న కోంకోరె ఊరి జనం చర్చి జెండాలు పట్టుకుని, ఫాదరీతో సహా ఊరేగింపుగా వచ్చి ఇక్కడ వాన కోసం ప్రార్థించారు. రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్ళు పోయించుకునే మన పల్లెటూళ్ళకి ఈ ఊరేగింపు వింతేమీ కాదు. అప్పటికి దాదాపు ఏడు వందల ఏళ్ళ కిందట పాదాల్లో కట్టిన వాన నమ్మకాన్ని చర్చి కూడా కాదనలేకపోయింది.

మధ్యాహ్నం కోంపేర్ కోట. చాలావరకు పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి కట్టింది, లోపల ఆర్థర్ కథల ఎగ్జిబిషన్. పక్క చెరువు అడుగున మాంత్రికుడు మెర్లిన్ ప్రేయసి వివియాన్ స్ఫటికపు మేడ ఉందంటారు. మెర్లిన్ సమాధి అనే చోటు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కొత్తరాతియుగపు సమాధిని పందొమ్మిదో శతాబ్దంలో నిధి కోసం తవ్వి పాడుచేశారు, రెండే పలకలు మిగిలాయి. వాటి సందుల్లో కోరికలు రాసిన చీటీలు కుక్కారు. తడిసి సిరా కారిపోయింది. మెర్లిన్, వివియాన్ల ప్రేమకథ క్రెతియెన్ పద్యాల్లో లేనే లేదు, అదంతా తర్వాతి వచన కథలది. బోర్డుల మీద అన్నీ కలిపేశారు.

మంగళవారం, త్రెయొరాంతెక్, వాపసు

తిరిగిరాని లోయ పైన ఓ చెస్ట్‌నట్ చెట్టు కొమ్మకొమ్మకీ బంగారు రేకు తాపారు. 1990లో అడవి కాలిపోయాక, మరుసటేడు ఫ్రాన్స్వా దావాన్ అనే కళాకారుడు చేసిన పని. చుట్టూ మసిబారిన చెట్లు అయిదు. ఫొటోలో చూస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమో అనుకున్నాను గానీ మబ్బు రోజున బాగుంది. లోయలో మాట తప్పిన ప్రేమికుల్ని మాయలాడి మోర్గాన్ బంధించేదని వచన కథలు చెబుతాయి.

ఊళ్ళో చర్చి ఇంకా విచిత్రం. 1942లో ఇక్కడికొచ్చిన ఫాదరీ అన్రీ జిలార్ పాడుపడ్డ గుడిని బాగుచేయిస్తూ గోడల మీదకి ఆర్థర్ కథల్ని ఎక్కించాడు. యుద్ధ ఖైదీలుగా ఉన్న జర్మన్లు క్రీస్తు శిలువ మోసే బొమ్మలు వేశారు. వాటిలో ఒకదానిలో క్రీస్తు పడిపోయి ఉంటే ఎర్రగౌను మోర్గాన్ పక్కన నిలబడి చూస్తుంటుంది. వెనక కొండలు బయట లోయలోవే. పశ్చిమ గోడ మీద మొజాయిక్‌లో మెడలో బంగారు గొలుసుతో తెల్ల దుప్పి. "వీళ్ళ బిషప్ ఒప్పుకున్నాడా?" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

కారు అప్పజెప్పి పారిస్ ట్రైనెక్కాం. అయిదు రోజులు నా చేత కథలు చెప్పించుకుని విసుగెత్తిందో, ఇష్టమే పుట్టిందో, వాడు రెన్ స్టేషన్‌లో పెర్సెవాల్ కథ ఫ్రెంచి వచనంలో కొనుక్కున్నాడు. అడివిలో పెరిగిన పల్లెటూరి కుర్రాడు వీరుల్ని చూసి దేవదూతలనుకోవడం చదివి ఒకటే నవ్వు. కోటలో రక్తం కారే బల్లెం, వెలుగు చిమ్మే గ్రాల్ అనే పాత్ర కళ్ళ ముందునుంచి వెళ్తున్నా, ఎక్కువ మాట్లాడకూడదని ఎవరో చెప్పిన బుద్ధి గుర్తొచ్చి పెర్సెవాల్ ఒక్క ప్రశ్నా అడగకపోవడం దగ్గర, "అడగరా బాబూ!" అని గట్టిగానే అన్నాడు. ఎదురు సీటావిడ తలెత్తి చూసింది. రాత్రి ఇంట్లో మిగతా పేజీలు తిప్పుతూ కూర్చున్నవాడు హాల్లోంచి కేకేశాడు.

"బావా, నా పుస్తకంలో పేజీలు పోయినట్టున్నాయి."

పోలేదని చెప్పాను. దాదాపు 9,200 పాదాల దగ్గర కవి ఆగిపోయాడు. ఈ కథ రాయించిన ఫ్లాండర్స్ కౌంట్ ఫిలిప్ 1191లో ఆక్ర్ ముట్టడిలో పోయాడు. తర్వాత నలుగురు వేరు వేరుగా పొడిగించారు. మానెసియే ఒకలా ముగించాడు, గెర్బేర్ ద మోంత్రాయ్ ఇంకోలా నడిపాడు. వాడికవేవీ పట్టలేదు, చివరి వాక్యమే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాడు. కొలువులో గోలగా ఉంటే ఒకావిడ భయపడి రాణి దగ్గరికి పరిగెత్తుతుంది, ఆమెను చూసి రాణి ఏమైందని అడుగుతుంది.

"అడిగింది. మరి ఏమైందట?"